అప్‌డేట్: చానెల్‌లోని వేడి స్థూపం – డ్రాగ్, నుసెల్ట్ సంఖ్యల తేడా పరిష్కారమైంది

0.41 మీటర్ల వెడల్పు గల చానెల్‌లో 0.1 మీటరు వ్యాసమున్న వేడి స్థూపం (సిలిండర్) చుట్టూ రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వ, స్నిగ్ధతా బలాల నిష్పత్తి) 100 వద్ద ద్విమితీయ ప్రవాహాన్ని లెక్కిస్తే, గరిష్ఠ డ్రాగ్ గుణకం (ప్రవాహం స్థూపాన్ని నెట్టే బలానికి కొలత) ప్రామాణిక విలువ 3.22–3.24కు బదులు 1.43 వస్తోందనీ, నుసెల్ట్ సంఖ్య (ఉపరితలం నుంచి ద్రవానికి ఉష్ణం చేరే తీవ్రతకు కొలత) మెష్ (లెక్క కోసం ప్రవాహాన్ని విభజించే చిన్న గడుల వల) మార్చిన ప్రతిసారీ మారుతోందనీ ఇక్కడే అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

డ్రాగ్ విషయంలో తప్పు సాల్వర్‌ది (ప్రవాహ సమీకరణాలను పరిష్కరించే ప్రోగ్రామ్‌ది) కాదు, నాదే. ప్రవేశద్వారం వద్ద పరవలయాకార వేగానికి గరిష్ఠం సెకనుకు 1.5 మీటర్లు, సగటు 1 మీటరు. గుణకం సూత్రంలో వేగపు వర్గంతో భాగిస్తాం; అక్కడ సగటుకు బదులు గరిష్ఠాన్ని వాడినందున ఫలితం 2.25 రెట్లు తగ్గింది. ఈ సంగతి మా గైడ్ గారు నా స్క్రిప్టు చూసి పట్టుకున్నారు. గోడలు లేని విశాల ప్రవాహంలో స్థూపానికి వచ్చే విలువ కూడా దాదాపు 1.4 కావడంతో, గోడల షరతు పనిచేయడం లేదేమోనని వారం రోజులు వృథాగా వెతికాను. సరిదిద్దాక 3.23 వచ్చింది.

నుసెల్ట్ సంఖ్యకు మాత్రం ఇక్కడ సూచించినట్లు స్థూపం ఉపరితలం దగ్గర గడులను సన్నగా చేయడమే పనిచేసింది. నీటికి దగ్గరగా ప్రాంట్ల్ సంఖ్య (ద్రవంలో స్నిగ్ధతా వ్యాప్తికి, ఉష్ణ వ్యాప్తికి నిష్పత్తి) 7 తీసుకున్నందువల్ల ఉష్ణ సరిహద్దు పొర (ఉపరితలం పక్కన ఉష్ణోగ్రత వేగంగా మారే పలుచని పొర) వేగపు పొరలో సుమారు సగం మందమే ఉంటుంది; అందుకే డ్రాగ్‌కు సరిపోయిన మెష్ ఉష్ణానికి చాలలేదు.

టర్బులెన్స్ మోడల్ (అల్లకల్లోల ప్రవాహాన్ని అంచనా వేసే పద్ధతి) మార్చడం, చానెల్ పొడవు పెంచడం ఈ సమస్యకు సంబంధం లేనివని తేలింది.