మా ఊళ్ళో ఐదు చర్చిలు కలిసి సువార్త సభలు పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

యూత్_తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం, బస్టాండ్ నుంచి ఊరి చివరి చెరువు దాకా నడిస్తే ఇరవై నిమిషాలు, అంతే ఊరు. నేను లూథరన్ చర్చిలో యూత్ పనులు చూసుకుంటా. మా వీధి దాటితే బాప్టిస్టు చర్చి, కాలువ అవతల బ్రదరెన్ వాళ్ళ మందిరం, మెయిన్ రోడ్డు మీద రెండు పెంతెకొస్తు సంఘాలు. క్రిస్మస్‌కి ఎవరి క్యారల్స్ వాళ్ళవే, ఒకే ఇంటి ముందుకి ఐదు బ్యాచ్‌లు వెళ్తాయి. పోయినేడు మేం వెళ్ళేసరికి ఒక పెద్దాయన తలుపు తీసి "ఇందాకే పుట్టాడు గదయ్యా, మళ్ళీనా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఇంటికొచ్చాక సిగ్గేసింది.

అందుకే ఫిబ్రవరిలో మూడు సాయంత్రాలు అందరం కలిసి సభలు పెడదామని యూత్ వాళ్ళం అనుకుంటున్నాం. పెద్దవాళ్ళు మాత్రం భయపడుతున్నారు, ఎందుకంటే మూడేళ్ళ కింద ఒకసారి పెట్టి చేతులు కాల్చుకున్నారు. బోధ దగ్గర గొడవ అనుకుంటారేమో, కాదు, ఫ్లెక్సీ దగ్గర. ఒకాయన ఫోటో నిలువెత్తున వేసి మిగతావాళ్ళవి కింద వరసగా పాస్‌పోర్ట్ సైజులో వేశారు, ప్రింటయి వచ్చి కరెంటు స్తంభానికి కట్టాక గానీ ఎవరూ చూడలేదు. రెండో రోజుకి రెండు సంఘాలు రాలేదు. మూడో రోజు కానుకల డబ్బు ఏ చర్చి బీరువాలో పెట్టాలని రాత్రి పదకొండింటికి స్టేజీ వెనకాల కేకలు, మైక్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఊరంతా విన్నారు.

ఎవరైనా సరిగ్గా చేసినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్, ముఖ్యంగా డబ్బు సంగతి, కొత్తగా వచ్చినవాళ్ళు ఏ చర్చికి వెళ్ళాలన్న సంగతి.

భీమవరం_ట్రెజరర్:
బ్రదర్ వందనాలు. మాది పశ్చిమ గోదావరి, మా పాస్టర్స్ ఫెలోషిప్‌లో, అంటే వేరువేరు సంఘాల పాస్టర్లు కలిసి నడిపే దాంట్లో, ఆరేళ్ళుగా లెక్కలు నేనే రాస్తున్నా కాబట్టి దెబ్బలు కూడా నేనే తిన్నా. మీరు ప్రసంగీకుడు ఎవరని ముందు ఆలోచిస్తున్నారేమో, అది ఆఖరున చూసుకోండి. ముందు ఒక తెల్ల కాయితం మీద డబ్బు, ఫోటోలు, కార్డులు, ఈ మూడూ ఎలాగో రాసుకుని అందరిచేతా సంతకాలు పెట్టించండి, ఆ కాయితం లేకపోతే టెంట్ హౌస్‌కి అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

ఫోటోల సంగతి మేం ఎలా తేల్చామంటే, అసలు ఎవరి ఫోటో వేయం. సభ పేరు, తేదీలు, చోటు, కింద సంఘాల పేర్లు అక్షరక్రమంలో, అంతే. మొదటేడు చాలామంది అలిగారు, ఒక పెద్దాయనయితే నా ఫోటో లేకపోతే మా వాళ్ళు రారు అన్నాడు, వచ్చారు.

డబ్బుకి వస్తే, అన్ని సంఘాలూ ఒకే మొత్తం వేసుకోవాలంటే ముప్పై కుటుంబాల చిన్న సంఘం చితికిపోతుంది, అందుకని పెద్ద చర్చిలు క్యాష్, చిన్నవి మనుషులు, అంటే కుర్చీలు సర్దడం, నీళ్ళు, సైకిల్ స్టాండు. అలాగని చిన్న సంఘానికి కమిటీలో ఓటు తగ్గదు. కానుకలు ఆ రాత్రికి ఆ రాత్రే స్టేజీ మీద కాకుండా పక్కన బల్ల మీద మూడు వేరువేరు సంఘాలవాళ్ళు లెక్కపెట్టి, సంతకం పెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. ఆఖరి రోజు ఖర్చులు పోను మిగిలింది ఎటు పోతుందో కూడా ముందే రాసుకోండి. మేం మిగిలినది గవర్నమెంట్ హాస్పిటల్లో పేషెంట్ల అటెండెంట్లకి భోజనాలకి ఇచ్చేస్తాం, ఎవరి ఖాతాకీ వెళ్ళదు కాబట్టి గొడవే లేదు.

ఇక కార్డులు. ఇదే అసలు పుండు. ప్రార్థన కోసం ముందుకొచ్చినవాళ్ళ పేర్లు రాసిన కార్డులు తెల్లారేసరికి ఒకరి జేబులో ఉంటాయి, వారం తిరిగేసరికి ఆ ఒకరి సంఘం పెరుగుతుంది. పైగా వాళ్ళలో సగం మంది ఆల్రెడీ పక్క చర్చి సభ్యులే, దీన్నే మావాళ్ళు గొర్రెల దొంగతనం అంటారు. కార్డు మీద "ఇప్పటికే ఏ సంఘానికైనా వెళ్తున్నారా" అని ఒక గడి పెట్టండి. వెళ్తుంటే ఆ సంఘం పాస్టరుకే కార్డు ఇచ్చేయాలి. వెళ్ళకపోతే ఎక్కడికి వెళ్ళాలనుందో ఆ మనిషినే అడగండి, ఇంటికి రావొద్దంటే రావొద్దు అని రాసుకోండి. అందరూ మర్చిపోయేది ఈ ఆఖరి మాటే.

టెంట్‌హౌస్_బాబాయ్:
నేను క్రిస్టియన్ కాదు తమ్ముడూ, పాతికేళ్ళుగా షామియానాలు, మైక్ సెట్లు అద్దెకిస్తా, వినాయక చవితీ నాదే, మీ ఉజ్జీవ సభలూ నావే. అడిగావు గనక చెప్తున్నా. రాత్రి పది తర్వాత లౌడ్ స్పీకర్ వేయకూడదు, అది 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, పొద్దున ఆరు దాకా అంతే. మీ ప్రసంగీకులు ఎనిమిదింటికి స్టేజీ ఎక్కాల్సినవాళ్ళు తొమ్మిదిన్నరకి ఎక్కుతారు, ఎందుకంటే అప్పటిదాకా ఒక్కో పాస్టరుగారికీ శాలువా, దండ, రెండు మాటలు. ఆ రెండు మాటలు ఎప్పుడూ రెండు కావు. కానిస్టేబుల్ వచ్చి అడిగేది మాత్రం నన్నే. ఐదు చర్చిలంటే ఐదు శాలువాలు, ఐదు ఉపన్యాసాలు, కాబట్టి సన్మానాలు తీసెయ్యండి, గంట మిగులుతుంది.

పర్మిషన్ కాయితం స్టేషన్‌లో ముందే రాసిచ్చి తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. చెట్టుకి కట్టే హారన్లు వద్దు, బాక్సులు పెట్టించి మొహం గ్రౌండ్ లోపలికి తిప్పించండి. ఫిబ్రవరి అంటున్నారు, ఇంటర్ పరీక్షలు దగ్గర్లో ఉంటాయి, మా పాపకీ ఉన్నాయి. సంక్రాంతి అవ్వగానే పెట్టుకుంటే కోతలూ అయిపోతాయి, పిల్లల చదువూ పోదు. ఇంకోటి, జనరేటర్ కుర్చీల వెనకాలే పెట్టిస్తారు, ఆ మోతకి వెనక వరసల వాళ్ళకి ఏమీ వినపడదు, కొత్తవాళ్ళు కూర్చునేది అక్కడే.

రిటైర్డ్_మాస్టారు:
బాబూ, ఈ గొడవ మా తాతల కాలంలో ఇంత లేదు, దానికి కారణం మంచితనం కాదు. బయటి దేశాల నుంచి వచ్చిన మిషన్ల వాళ్ళు ప్రాంతాలు పంచుకున్నారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చాడు కాబట్టి మీరు లూథరన్. ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు, బందరు వైపు ఆంగ్లికన్లు, కడప వైపు లండన్ మిషన్, మెదక్‌లో వెస్లియన్లు, నర్సాపురంలో గోదావరి డెల్టా మిషన్ బ్రదరెన్. అంటే మనవాళ్ళలో చాలామందికి డినామినేషన్, అంటే ఏ క్రైస్తవ శాఖ అనేది నమ్మి ఎంచుకున్నది కాదు, ఏ తాలూకాలో పుట్టారన్న దాన్నిబట్టి వచ్చింది. ఉద్యోగాలకి, పెళ్ళిళ్ళకి జనం అటూ ఇటూ మారాక ఒకే వీధిలో నాలుగు బోర్డులు లేచాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ఇంకా ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యారు, మన లూథరన్లు, బాప్టిస్టులు అందులో కలవలేదు.

అలాగని కలవనే లేదని కాదు. పాస్టర్లు కాబోయేవాళ్ళు చదివే ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో పెట్టి తర్వాత హైదరాబాద్ మార్చారు, లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. అందరి పిల్లలూ అక్కడే చదువుతారు. మీ అయ్యగారిని, అంటే మీ పాస్టరుని, ఆ బాప్టిస్టు అయ్యగారిని ఎక్కడ చదివారో అడిగి చూడు, ఒకే మెస్‌లో సాంబారు తాగి ఉంటారు. అక్కడి నుంచి మాట కదుపు.

కాలువ_అవతల:
నేను బ్రదరెన్. సభలకి వస్తాం, కుర్చీలు మోస్తాం. కానీ స్టేజీ మీద అందరూ ఒక్కసారిగా భాషలు మాట్లాడటం, అంటే ఆత్మ ఆవేశంలో ఎవరికీ అర్థంకాని మాటలతో ప్రార్థించడం మొదలుపెడితే మావాళ్ళు లేచి వెళ్ళిపోతారు, ముందే చెప్తున్నా. అలాగే పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం కరెక్టా, పెద్దయ్యాక నీళ్ళలో ముంచి ఇవ్వడం కరెక్టా అని ఒక్క మాట దొర్లినా సభ రెండు ముక్కలే. స్వస్థత సభలు అని పోస్టర్ వేయకండి. ప్రార్థన చేయండి, ఎవరొద్దన్నారు, కానీ షుగర్ మాత్రలు మానేయమని మాత్రం మైక్‌లో చెప్పకూడదు. మా మేనత్త అలాగే మానేసింది. అంతకంటే చెప్పలేను.

స్త్రీల_సమాజం_అక్క:
తమ్ముడూ, మీ మగవాళ్ళు కమిటీలు వేసుకుంటూ ఉండండి, మేం ప్రతి మార్చి మొదటి శుక్రవారం కలిసే కూర్చుంటున్నాం. వరల్డ్ డే ఆఫ్ ప్రేయర్ అని, ప్రతేడూ ఒక్కో దేశం ఆడవాళ్ళు ప్రార్థన క్రమం రాసి పంపుతారు, ఇక్కడ తెలుగులో చదువుతాం. మా ఊళ్ళో ఒకేడు లూథరన్ చర్చిలో అయితే మరుసటేడు బాప్టిస్టు చర్చిలో, వంతులవారీగా. ఎవరి చర్చిలో జరిగితే టీ, పులిహోర వాళ్ళ ఖర్చు, ప్రసంగం మాత్రం వేరే సంఘం సిస్టరు చెప్పాలి. ఈ ఒక్క రూలు మీద పద్నాలుగేళ్ళు నడిచింది. ఎవరూ ఎవరికీ శాలువా కప్పలేదు.

పాటల దగ్గర కూడా చూసుకోండి. కీబోర్డు ప్యాడ్లతో కొత్త పాటలు మొదలెడితే పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు. పాతకాలం తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి ఎత్తుకోండి, లూథరన్, బాప్టిస్టు అని లేకుండా పుస్తకం చూడకుండా పాడతారు.

యూత్_తమ్ముడు:
అందరికీ థాంక్స్, బాబాయ్‌కి స్పెషల్‌గా. నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు చెప్పినట్టే మా అయ్యగారిని అడిగా. బాప్టిస్టు అయ్యగారు ఆయనకి ఒక ఏడాది జూనియరట, హాస్టల్లో పక్క రూమట! ఇరవై మూడేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉండి మాకు ఎప్పుడూ చెప్పలేదు. అప్పటికప్పుడే ఫోన్ చేశారు, ముప్పావుగంట మాట్లాడుకున్నారు, సభల గురించి ఐదు నిమిషాలు కూడా కాదు లెండి.

శుక్రవారం బాప్టిస్టు చర్చి వరండాలో ఐదుగురూ కూర్చుంటున్నారు. తెల్ల కాయితం నేనే తీసుకెళ్తున్నా. ట్రెజరర్ బ్రదర్, మీ దగ్గర ఆ కార్డు నమూనా ఉంటే ఫోటో పెట్టగలరా?

భీమవరం_ట్రెజరర్:
రాత్రికి ఇంటికెళ్ళి పెడతా. వెనకవైపు కూడా చూసుకోండి, గడులు అక్కడున్నాయి.