కోళ్ల షెడ్డు గ్యాస్ బ్రూడర్‌ను సైటులో పెట్టొచ్చా?

దేవరకొండ సైట్ (ప్రశ్న)

దేవరకొండ దగ్గర జీ ప్లస్ 2 ఇంటి పని నడుస్తుంది. పై అంతస్తులో మూడు గదులకు పుట్టీ మొదటి కోటు కొట్టి రెండు రోజులైంది, ఇంకా చల్లగ తడిగనే ఉంది. చలి గట్టిగుంది, పొద్దున పది దాకా గోడ మీద చెయ్యి పెడితే తేమ తగులుతుంది. ఓనరుకు కోళ్ల ఫారం ఉంది, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టే గ్యాస్ బ్రూడర్లు రెండు తెచ్చిచ్చిండు. 3 కిలోవాట్లు అని రాసుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరే ఉంది.

రెండు సంగతులు అడగాలె. పుట్టీ ఆరడానికి గదిలో పెట్టొచ్చా? రాత్రిపూట రేకుల షెడ్డులో ఆరుగురు లేబర్ పడుకుంటరు, షెడ్డు 10×12 అడుగులు, 8 అడుగుల ఎత్తు. అండ్ల ఒకటి పెట్టొచ్చా? సిలిండర్ ఎక్కడ ఉంచాలె, పైపు ఎంత పొడుగు ఉండాలె?

గ్యాస్ ఫిట్టర్, మహబూబ్‌నగర్

ముందు షెడ్డు సంగతి చెప్త. పెట్టొద్దు అన్నా, ఒక్క రాత్రి కూడా.

లెక్క చూడండి. 3 కిలోవాట్ల బ్రూడర్ గంటకు దాదాపు 235 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. కిలో ఎల్పీజీ కాలాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలిలోని ఆక్సిజన్ అంతా కావాలె. మీ షెడ్డులో ఉన్న గాలే 27 ఘనపు మీటర్లు. తలుపు మూసి, సందులు గుడ్డలతో కుక్కేస్తే గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 35–40 నిమిషాల్లో 19.5కు, గంటకు 18.5 దగ్గరికి పడుతుంది. ఆరుగురు పీల్చేది ఇందులో కలపలేదు. ఆక్సిజన్ తగ్గినకొద్దీ మంట సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే వచ్చే ఘాటు వాసన కలిపిన మందుది, అది మంటలో కాలిపోతుంది కాబట్టి ముక్కుకు ఏమీ తెలియదు. మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లు పైగా గట్టిగ అతుక్కుంటుంది. మెలకువగా ఉన్నోడికి తలనొప్పి, వాంతి వచ్చినట్టు, కళ్లు తిరిగినట్టు అనిపిస్తది. నిద్రల ఉన్నోడికి అది తెలిసే వీలే లేదు.

కోళ్లకు ఏం కాదు కదా అని అడుగుతరు. కోళ్ల షెడ్డుకు రెండు పక్కలా జాలీ ఉంటది, పరదాలు దించినా పైన గాలి ఆడుతది. ఆ బ్రూడర్ ఆ గాలి లెక్కతోనే చేసింది. గదుల్లో పెట్టే గ్యాస్ హీటర్లలో కొన్నింటికి ఆక్సిజన్ తగ్గితే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉంటది. బ్రూడర్‌కు మామూలుగ అది ఉండదు. మంట ఆరితే గ్యాస్ ఆపే వాల్వు ఒక్కటే ఉంటది, కొన్నింటికి అదీ ఉండదు.

సివిల్ ఇంజినీర్, నల్లగొండ

పుట్టీ విషయం నేను చెబుతాను. బ్రూడర్ గదిని వేడి చేస్తుంది కానీ ఆరబెట్టదు. కిలో ఎల్పీజీ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. మీ బ్రూడర్ ఒక్కటే గంటకు 380 గ్రాములు, ఎనిమిది గంటలకు మూడు లీటర్ల నీళ్లు గదిలోకి వదులుతుంది. కిటికీలు మూసి వేడి చేస్తే ఆ తేమంతా రాత్రికి మళ్లీ చల్లటి గోడ మీదే కూర్చుంటుంది.

పైగా మీరు కొట్టింది వైట్ సిమెంట్ పుట్టీ అయితే అది ఆరి గట్టిపడేది కాదు, నీటితో కలిసి గట్టిపడేది. పైన ఒక్కసారిగా వేడి తగిలితే పొర పిండిలా రాలుతుంది, చెయ్యి రాస్తే తెల్లగా అంటుతుంది. కొత్త ప్లాస్టరింగు, ఫ్లోరింగు ఉన్న గదిలో అయితే ఇంకో నష్టం: గ్యాస్ కాలినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ పచ్చి సిమెంటు పైపొరతో కలిసి దాన్ని మెత్తగా, దుమ్ము లేచేలా చేస్తుంది. మొదటి 24 గంటల్లో ఇది ఎక్కువ.

అసలు మన దగ్గర చలికి కాంక్రీటును వేడి చేసే అవసరమే లేదు. చలి వాతావరణంలో కాంక్రీటు గురించి చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 7861 రెండో భాగం 5 డిగ్రీలు, అంతకంటే తక్కువ గురించి. దేవరకొండలో అంత పడదు.

కాబట్టి గాలి ఆడించండి. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఎదురెదురు కిటికీలు తెరవండి, ఒక పెడస్టల్ ఫ్యాన్‌ను గోడకు ఏటవాలుగా తిప్పండి, ఇంకోటి కిటికీ దగ్గర బయటి వైపు ముఖం పెట్టి నడపండి. సాయంత్రం మంచు దిగకముందే కిటికీలు మూసేయండి. అప్పటికీ ఒకే చోట తడి మచ్చ మిగిలితే అది చలి వల్ల కాదు. పైన బాత్రూం పైపు, పారాపెట్ గోడ (పిట్టగోడ) చూడండి. ప్లాస్టరింగు ఎన్ని రోజుల కిందటిదో కూడా రాయండి. వారం క్యూరింగు (నీళ్లతో తడపడం) అయ్యాక రెండు మూడు వారాలైనా ఆరనివ్వకుండా పుట్టీ కొడితే ఆ తడి లోపలిది.

షాద్‌నగర్ కాంట్రాక్టర్

షెడ్డుకు పైన రేకు సందులో రెండు అంగుళాల గాలి దారి వదిలితే సరిపోతుంది కదా? చాలా చోట్ల అట్లనే పెడుతున్నరు.

గ్యాస్ ఫిట్టర్, మహబూబ్‌నగర్

సరిపోదు భయ్యా. వేడి గాలి పైనుంచి పోవాలంటే కింద నుంచి చల్లగాలి వచ్చే దారి ఉండాలె. పైన ఒక్క సందు ఉంటే గాలి తిరగదు. ఇగ కింద, పైన రెండూ సరిపడా వదిలితే వేడి నిలవదు. అప్పుడు రాత్రి రెండింటికి చలి పెట్టి ఎవరో ఒకరు గోనెసంచి కుక్కుతరు. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటది. నేల మీద పడుకున్నోళ్లు దాంట్లోనే ఉంటరు. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటది.

బొగ్గుల కుంపటి మాత్రం అసలే తేవద్దు, అది గ్యాస్ కన్నా ఎక్కువ మోనాక్సైడ్ వదులుతుంది.

దేవరకొండ సైట్

షెడ్డుల పెట్టం. ప్లాస్టరింగు అయి 12 రోజులే అయింది సార్, మీరు చెప్పిందే కారణమేమో. పుట్టీ ఆపుతం. అయితే పగటిపూట బయట వరండాల కూలీలు చెయ్యి కాచుకోవడానికి ఒక బ్రూడర్ పెట్టుకోవచ్చా? రాత్రికి షెడ్డుల ఏం చేయాలె?

గ్యాస్ ఫిట్టర్, మహబూబ్‌నగర్

మూడు వైపులా తెరిచి ఉన్న వరండా అయితే పెట్టొచ్చు, ఈ పద్ధతిల.

ఫారం నుంచి తెచ్చినదాన్ని అట్లనే వెలిగించొద్దు. బర్నర్‌కు గాలి పోయే చిన్న రంధ్రాల్లో ఈకలు, దాణా పొడి, సాలెగూడు ఉంటది. సైటులో పుట్టీ గీకిన దుమ్ము దానికి తోడు. మెత్తటి బ్రష్‌తో తుడిచి, చేతి పంపుతో గాలి కొట్టండి. గ్యాస్ వచ్చే జెట్‌ను సూదితో గెలకొద్దు, దాని రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువొస్తది. వెలిగించినంక బ్రూడర్ జాలీ అంతా ఒకే తీరుగ ఎర్రబడాలె. పసుపు మంట లేచినా, మసి పట్టినా వెంటనే ఆపేయండి. గాలి తక్కువైందని అర్థం.

రెగ్యులేటర్ బ్రూడర్ రేకు మీద రాసిన ఒత్తిడికి సరిపోవాలె. తక్కువ ఒత్తిడి బ్రూడర్‌కు నాబ్ తిప్పే హై ప్రెషర్ రెగ్యులేటర్ పెడితే మంట బర్నర్ వదిలి పైకి లేస్తది. ఇంటి సిలిండర్ సైటు పనికి వాడుడు చట్టం ఒప్పదు, 19 కిలోల కమర్షియల్ తీసుకోండి. సిలిండర్ నిలబెట్టి, నీడల, బ్రూడర్‌కు కనీసం రెండు మీటర్లు దూరంగ ఉండాలె. అమెరికా సైటు నియమాల్లోనూ ఆరు అడుగులు ఉంది. బ్రూడర్ ముఖం సిలిండర్ వైపు తిప్పొద్దు. సంపు మూత, లిఫ్టు గుంత, సెల్లార్ మెట్ల దగ్గర సిలిండర్ వద్దు. పైపు ఐఎస్ఐ గుర్తుది, మధ్యల అతుకు లేనిది, రెండు కొసలకు క్లిప్ బిగించింది, ఆ రెండు మీటర్ల దూరానికి సరిపోయేంతే. సబ్బు నురగ రాసి బుడగలు చూసినంకనే వెలిగించాలె. ఆపేటప్పుడు ముందు సిలిండర్ దగ్గర మూయాలె, పైపుల మిగిలింది కాలిపోయినంక బ్రూడర్ నాబ్.

సిలిండర్ మీద మంచు పడితే గ్యాస్ అయిపోయిందని పడుకోబెట్టొద్దు, ద్రవం పైపులకు వస్తది. వేడి నీళ్లు కూడా పోయొద్దు. గ్యాస్ వాడకం ఎక్కువై చల్లబడుతుందని అర్థం, ఆపి కాసేపు ఉంచండి.

టర్పెంటైన్, థిన్నర్, ఎనామెల్ డబ్బాలు తెరిచిన చోట వెలిగించొద్దు. పక్కన డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ ఒకటి, బ్రూడర్ వెలిగి ఉన్నంతసేపు అక్కడే ఉండే మనిషి ఒకరు.

సివిల్ ఇంజినీర్, నల్లగొండ

రాత్రి సంగతి. 2025లో లేబర్ కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమే సైటులో తాత్కాలిక వసతి ఉచితంగా ఇవ్వాలంది, కాబట్టి ఈ ఖర్చు లేబర్ మీద వేయొద్దు. షెడ్డులో చలి ఎక్కువగా వచ్చేది నేల నుంచి. షట్టరింగు ప్లైవుడ్‌ను రెండేసి ఇటుకల మీద ఎత్తుగా పరిచి, పైన గోనెసంచులు, దాని మీద చాప వేయండి. గాలి వచ్చే వైపు గోడకు బయట టార్పాలిన్ కట్టండి, పైసందు మాత్రం మూయొద్దు. మనిషికో మంచి గొంగడి ఇప్పించండి, మహబూబ్‌నగర్ వైపు ఉన్ని గొంగళ్లు ఇప్పటికీ దొరుకుతాయి.

పొద్దున ఎవరికైనా తలనొప్పి, వాంతులు, తూలడం ఉంటే, అందులోనూ ఒకేసారి ఇద్దరు ముగ్గురికి ఉంటే, జ్వరమని గోలీ ఇవ్వొద్దు. అందరినీ బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేసి, గదిలో మంట ఉందో లేదో కూడా చెప్పండి. గ్యాస్ లీకైతే నంబరు 1906. దాన్ని వరండాలో సిలిండర్ దగ్గరే గోడ మీద రాసిపెట్టండి, ఫోన్ మాత్రం దూరంగా పోయి చేయండి.