క్యాంపర్ తలుపు బందులకు స్క్రూలు పట్టడం లేదు: కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్న, జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. అమెరికా వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పాత క్యాంపర్ ట్రైలరు (కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) ఒకటి చౌకగా దొరికితే కొన్నాను. అందులో స్నానాల గదికున్న చెక్క తలుపు పై బందు ఊడి, తలుపు కిందికి వాలిపోయింది. స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతుందే గాని పట్టడం లేదు. ఇంకొంచెం లావు స్క్రూ వేస్తే సరిపోతుందని పక్కింటాయన అంటున్నారు. మనిషిని పిలిస్తే అడిగే కూలి తలుపు ఖరీదును మించేట్టుంది. ఏం చేయమంటారు?

*

తమ్ముడికి,

లావు స్క్రూ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. బందు రేకులోని రంధ్రాల అంచులు ఒక కొలత స్క్రూ తల లోపలికి అణిగి కూర్చునేలా ఏటవాలుగా ఉంటాయి. అంతకంటే లావు స్క్రూ వేస్తే తల పైకి పొడుచుకు వస్తుంది, బందు పూర్తిగా ముడుచుకోదు, తలుపు వేసిన ప్రతిసారీ ఆ తల అడ్డుపడి మిగిలిన స్క్రూలను కూడా వెలుపలికి లాగుతుంది. పొడుగు స్క్రూ అయితే, దాన్ని తలుపు ముఖం మీద బిగించేటప్పుడు మొన అవతలి వైపు తేలే ప్రమాదం ఉంది.

మన వైపు ఇంటి తలుపంటే టేకుదో వేపదో, నిండు చెక్క. బెజ్జం వదులైతే ఆచారి ఒక పేడు చెక్కి, ఫెవికాల్ పూసి, బెజ్జంలోకి కొట్టి, మళ్లీ స్క్రూ బిగిస్తాడు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, అయితే చుట్టూ గట్టి కర్ర ఉన్నప్పుడే అది నిలుస్తుంది. క్యాంపర్లలో బరువు తగ్గించడం కోసం చాలా తలుపులను సన్నని మెత్తకర్ర చట్రానికి ఇరువైపులా 3 మిల్లీమీటర్ల మందం కూడా మించని ప్లైవుడ్ రేకులు అతికించి తయారు చేస్తారు. మధ్యలో అట్ట గూళ్లో, ఫోమో, లేదా ఏమీ ఉండకపోవడమో జరుగుతుంది. అందుచేత మీ స్క్రూ ఇన్నాళ్లూ దేన్ని పట్టుకుని ఉందో తెలుసుకోకుండా ఏ వైద్యమూ మొదలుపెట్టవద్దు.

దీనికి పెద్ద పరికరాలు అవసరం లేదు. తలుపు కింద చెక్క ముక్కలు పేర్చి బరువు ఆనించి, ఊడిన బందు వైపు స్క్రూలు మాత్రమే తీయండి. రెండో బందును కదపకుండా ఉంచితే తలుపు తన స్థానం తప్పదు. తీసిన స్క్రూ ఒంటి చుట్టూ ఉండే మరల మధ్య ఏం చిక్కుకుందో వెలుతురులో పెట్టి చూడండి. లేత రంగులో పొడుగాటి నార కనిపిస్తే చట్రం కర్ర బాగానే ఉంది, బెజ్జం మాత్రమే అరిగింది. రవ్వలా పొడిపొడిగా రాలితే అది పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు. నల్లగా, తడిగా, ముద్దలా ఉంటే నీరు దిగి కుళ్లింది. ఏమీ లేకపోతే బెజ్జంలోకి సన్నని పుల్ల ఒకటి నెట్టండి. అది అడ్డులేకుండా లోపలికి పోతే లోపలంతా బోలు. ఆ పుల్ల మీదే లోతు గుర్తు పెట్టుకోండి, తర్వాత డ్రిల్లు బిట్టుకు అంత దూరంలో టేపు చుట్టుకోవచ్చు.

కర్ర బాగుండి బెజ్జం మాత్రమే అరిగినట్లయితే ఆచారి పద్ధతే చేయండి. టూత్‌పిక్కులు పనికొస్తాయి గాని, గట్టి కర్రను నార వెంబడి చీల్చిన పేళ్లు ఇంకా మేలు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఉదయగిరి చెక్క గరిటె ఏదైనా విరిగి పడి ఉంటే దాని పిడి ఇందుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. మంచి గరిటెను మాత్రం ఇందుకోసం విరగ్గొట్టవద్దు. పేళ్లకు జిగురు పూసి బెజ్జం బిగుతుగా నిండేదాకా కొట్టి, పైకి మిగిలినదాన్ని పదును చాకుతో సమంగా కోసి, ఒక పూర్తి రోజు ఆరనివ్వండి. ఇక్కడి దుకాణాల్లో పసుపు రంగులో దొరికే చెక్క జిగురు ఫెవికాల్ జాతిదే. స్నానాల గది కాబట్టి నీటికి తట్టుకునే రకం, టైట్‌బాండ్ 2 గాని 3 గాని, తీసుకోండి. చలికాలం షెడ్డులో ఈ పని పెట్టుకోవద్దు, ఎందుకంటే సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడిలో ఇలాంటి జిగుళ్లలో చాలావాటికి సరైన పట్టు రాదు. తలుపును ఇంట్లోకి తెచ్చుకోవడమే మంచిది.

బెజ్జం చిరిగి పెద్దదైపోతే దాన్ని 3/8 అంగుళం, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్ల బిట్టుతో గుండ్రంగా తొలిచి, అదే కొలత కర్ర బిరడాను జిగురుతో దిగగొట్టాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. దుకాణంలో దొరికే గుండ్రటి డోవెల్ ముక్కను నిలువుగా దింపితే స్క్రూ దాని నార వెంబడే దిగుతుంది, నార వెంబడి దిగిన స్క్రూకు పట్టు తక్కువ. పలక నుంచి ప్లగ్ కట్టర్‌తో అడ్డంగా కోసిన బిరడా అయితే స్క్రూ నారకు అడ్డంగా దిగి గట్టిగా పట్టుకుంటుంది. ఆ కట్టర్ కొద్ది డాలర్లకే వస్తుంది. కొన్ని ఊళ్లలో ప్రభుత్వ గ్రంథాలయాలు పనిముట్లను కూడా పుస్తకాల్లాగే అరువిస్తాయి. మీ ఊళ్లో అడిగి చూడండి.

లోపల బోలుగా ఉంటే పేళ్లూ బిరడాలూ నిలవవు. అప్పుడు తలుపు ఇవతలి నుంచి అవతలికి తూటు వేసి, రెండు వైపులా చదునైన తలలుండే బోల్టు వేయాలి. ఒక ముక్క గొట్టంలా ఉండి, రెండోది దానిలోకి మరతో బిగుసుకుంటుంది. అవతలి వైపు తల కింద వెడల్పు వాషరో, సన్నని లోహపు పట్టీయో పెడితేనే బరువు పరుచుకుంటుంది, లేకపోతే పల్చటి ప్లైవుడ్ నలుగుతుంది. గోడలకు వేసే ప్లాస్టిక్ గొట్టాలను మాత్రం వాడవద్దు. అవి ఉబ్బి పట్టుకునే రకం కాబట్టి ప్లైవుడ్ పొరలను విడదీస్తాయి.

కర్ర కుళ్లితే బందు సంగతి తర్వాత. నీరు పైకప్పు అతుకు నుంచి వస్తోందా, కిటికీ అంచు నుంచా, స్నానాల గది గొట్టం నుంచా కనిపెట్టి ఆపి, పూర్తిగా ఆరబెట్టి, కుళ్లిన భాగం కోసి కొత్త ముక్క అతికించాలి.

చివరికి స్క్రూ బిగించేటప్పుడు సన్నని బిట్టుతో ముందు బెజ్జం వేయండి. 8వ నంబరు స్క్రూ లావు సుమారు 4.2 మిల్లీమీటర్లు, మెత్తకర్రలో దానికి సుమారు 2.4 మిల్లీమీటర్ల బెజ్జం చాలు. మరలకు కాస్త మైనం రాసి, డ్రిల్లుతో కాకుండా చేత్తో బిగించండి. క్యాంపర్లలో చాలా స్క్రూల తలల్లో చదరపు గుంట ఉంటుంది. దానికి తగిన 2వ నంబరు చదరపు బిట్టే వాడండి, ప్లస్ బిట్టు వాడితే గుంట అరిగి స్క్రూ తీయడమే కష్టమవుతుంది.

*

అన్నగారు చెప్పినదంతా సరైనదే. మాది పొదిలి. నాకు ఒక సందేహం: పని తొందరగా తెమలాలంటే బెజ్జంలో సూపర్ గ్లూ పోసి, పైన వంటసోడా చల్లితే క్షణాల్లో గట్టిపడుతుంది గదా, అది చాలదా?

*

గట్టిపడుతుంది గాని పెళుసుగా ఉంటుందండీ. ఇంట్లో కదలని అలమరాకు చెల్లవచ్చు. రోడ్డు మీద కుదుపులు తినే తలుపులో అది చిట్లి పొడి అవుతుంది. తొందరే ముఖ్యమైతే రెండు పాళ్లు కలిపి వాడే ఎపాక్సీ జిగురు మేలు. ముందు దాన్ని పల్చగా బెజ్జం గోడలకు పూసి, తర్వాత మెత్తటి చెక్కపొడి కలిపి చిక్కగా చేసి నింపి, పూర్తిగా గట్టిపడ్డాక కొత్త బెజ్జం వేయాలి. పార్టికల్ బోర్డుకు నేను ఇదే ఎంచుకుంటాను, ఎందుకంటే రవ్వలా రాలే గోడల్లోకి ఎపాక్సీ ఇంకి వాటిని బిగిస్తుంది. గిన్నెలో ఒకేసారి ఎక్కువ కలిపితే వేడెక్కి పొగలు రావచ్చు కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి, చేతికి తొడుగులు మరవద్దు.

తమ్ముడూ, మరొక్క మాట. పై బందు ఒక్కటే ఊడిందంటే ప్రయాణంలో తలుపు గొళ్లెం జారి, దారి పొడుగునా కొట్టుకుంటూ ఉండి ఉండవచ్చు. తలుపు వేసి, పిడి పట్టుకుని మీ వైపు లాగి చూడండి. గొళ్లెం నాలుక చట్రంలోని గుంటలోకి పూర్తిగా దిగకపోతే, ఆ గుంట ముందున్న రేకును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి బిగించండి. ఆ తర్వాత కూడా అనుమానంగా ఉంటే బండి కదిలే ముందు తలుపుకు ఒక పట్టీ కట్టండి. స్క్రూ మరల్లో ఏం కనిపించిందో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, ఏ పద్ధతో అప్పుడు తేల్చుకుందాం.