200 ప్లాన్‌లో 93 దాటడం లేదు, మేడ మీద అసలే అందదు. రూటర్ మార్చాలా?

ప్రశ్న: తాడేపల్లిగూడెం

అందరికీ నమస్కారం. మాది కింద మూడు గదులు, పైన రెండు గదుల ఇల్లు. నాన్నగారు కట్టించిన తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మధ్యలో స్లాబు. ఫైబర్ కనెక్షన్ ఉంది. పోయిన నెల 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 200కి మార్పించుకున్నాను. బిల్లు పెరిగింది కానీ స్పీడు పెరగలేదు. ఎన్నిసార్లు టెస్ట్ చేసినా 91, 93, 94. ఒక్కసారి కూడా 95 చూడలేదు. పైన నా గదిలో తలుపు తీసి ఉంచితే 12, వేస్తే 5. నేను ఇంటి నుంచే పనిచేస్తాను. మీటింగులో నా మాట తెగిపోతోందని రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. మీటింగ్ ఉందంటేనే టెన్షన్ వచ్చేస్తోంది.

నెట్‌వాళ్లు ఇచ్చిన తెల్ల డబ్బా వీధి గదిలో కిటికీ పక్కన ఉంది. దాని వైఫై హాల్లోకే సరిగ్గా రావట్లేదని మూడేళ్ల కిందట 1,300కి నాలుగు యాంటెన్నాల రూటర్ కొని, హాల్లో ఇనప బీరువా మీద పెట్టాను. రెండింటికీ మధ్య వైరు నెట్ అబ్బాయే లాగాడు. ఫోన్ చేస్తే "మా వైపు నుంచి 200 వస్తోంది మేడం" అంటున్నారు. ఐదు వేల లోపు ఏ రూటర్ కొనమంటారు?

జవాబు: డల్లాస్

మూడు డబ్బాల మెష్ సెట్ (ఒకదానితో ఒకటి కలిసి ఇల్లంతా వైఫై పంచే డబ్బాలు) కొనేయండి, ఇంకేం ఆలోచించకండి. మా ఇంట్లో రెండంతస్తులకీ ఏ మూల చూసినా ఫుల్ సిగ్నలే.

జవాబు: హైదరాబాద్, నెట్‌వర్కుల పని చేస్తాను

డల్లాస్ సోదరా, మీ ఇంటి లోపలి గోడలు చెక్క చట్రానికి జిప్సం బోర్డు కొట్టినవి అయ్యుంటాయి. సిగ్నల్ వాటిలోంచి సులువుగా దూరిపోతుంది. ఇక్కడ తొమ్మిదంగుళాల ఇటుక, ఇనప ఊచలు అల్లి పోసిన స్లాబు. వైరు లేకుండా పెడితే మెష్ డబ్బాలు కూడా ఒకదానితో ఒకటి ఆ స్లాబులోంచే మాట్లాడుకోవాలి. అప్పుడు పైన ఫోనులో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం నత్తనడకే. ఆ గీతలు మీ ఫోనుకీ పక్కనున్న డబ్బాకీ మధ్య సిగ్నల్‌ని చూపిస్తాయి. ఆ డబ్బాకి కింద నుంచి ఎంత అందుతోందో చూపించవు.

ఇక అడిగినవారికి. ఇప్పుడే ఏమీ కొనకండి. మీవి రెండు వేరు వేరు జబ్బులు. పైకి అందకపోవడం గోడల వల్ల. 94 దగ్గర ఆగిపోవడం మాత్రం గోడల వల్ల కాదు. గోడల వల్ల తగ్గే స్పీడు ఒకసారి 60, ఒకసారి 110 అని ఊగుతుంది. రోజూ ఒకే అంకె దగ్గర ఆగుతోందంటే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టో, 100కి మించి మొయ్యలేని వైరో ఉన్నట్టు. 100 కాకుండా 94 ఎందుకంటే, 1,460 బైట్ల సరుకు పంపాలంటే వైరు మీద 1,538 బైట్లు నడవాలి. మిగతాది చిరునామాలకీ, ప్యాకెట్ల మధ్య ఖాళీకీ పోతుంది. అందుకే 100 పోర్టులో ఏం చేసినా 95 లోపే.

అనుమానించాల్సినవి మూడు: తెల్ల డబ్బా పోర్టు, మధ్య వైరు, రూటర్ పోర్టు. ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టు, అంటే నెట్ వైరు గుచ్చే చోటు, ఉంటే నేరుగా తెల్ల డబ్బాకి పెట్టి చూడండి. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. అక్కడ 100 ఉందా, 1000 ఉందా చెప్పండి.

జవాబు: తణుకు, కేబుల్ పని

అక్కా, సార్ చెప్పింది కరెక్టే. దానికి తోడు మా ఫీల్డులో రోజూ కనపడేవి రెండు చెప్తాను.

తెల్ల డబ్బాకి, అంటే ఓఎన్‌యూకి, రెండు ల్యాన్ పోర్టులు ఉంటే చాలా మోడళ్లలో ఒకటే గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్‌ది. రెండోది 100 పోర్టు. ల్యాన్ 1 అని ఉన్నదాంట్లోనే పెట్టండి.

రెండోది వైరు. ప్లగ్గు పారదర్శకంగా ఉంటుంది కదా, వెలుతురులో పట్టుకుని లోపల రంగులు లెక్కపెట్టండి. ఎనిమిది ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. తొందరలో ఉన్నవాడు నాలుగే కొట్టి మిగతావి కత్తిరించేస్తాడు. మావాళ్లలోనూ ఉన్నారు, దాచేదేముంది. ఎనిమిది కనిపించినా ఒకటి లోపలిదాకా వెళ్లకపోతే అదే గొడవ.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. తెల్ల డబ్బా వెనక చిన్న చిల్లు ఉంటుంది, రీసెట్ అని. పిన్నీసు పెట్టి అది నొక్కకండి. మేము వేసిన సెట్టింగులన్నీ పోతాయి, మళ్లీ మనిషి వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. ఆదివారం అయితే ఇక చెప్పక్కర్లేదు.

ప్రశ్నించినవారు: తాడేపల్లిగూడెం

చూశానండీ. వైరు తెల్ల డబ్బాలో రెండో పోర్టుకే ఉంది! మొదటి పోర్టుకి ల్యాప్‌టాప్‌ని రూటర్ పెట్టెలో వచ్చిన పొట్టి వైరుతో కలిపితే లింక్ 1000 చూపించింది, టెస్టులో 197 వచ్చింది. అదే పోర్టుకి హాల్లోకి వెళ్లే వైరు పెట్టి చూస్తే లింక్ 100. ప్లగ్గు వెలుతురులో చూస్తే నాలుగే రంగులు. నారింజ జత, ఆకుపచ్చ జత. మిగతా నాలుగూ పైన తొడుగు దగ్గరే తెగ్గొట్టి ఉన్నాయి. మూడేళ్లుగా ఆ ప్లగ్గు నా కళ్ల ముందే ఉంది.

రూటర్ కింద చీటీ మీద 10/100 అని రాసి ఉంది. డబ్బా మీద మాత్రం పెద్దక్షరాలతో 1200!

జవాబు: హైదరాబాద్

ఆ 1200 అందరినీ మోసం చేసే అంకె. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, కలిపి గుండ్రంగా 1200 అని అచ్చేస్తారు. గాల్లో అంత శక్తి ఉన్నా లోపలికి వచ్చే పోర్టు 100దే అయితే నీళ్ల ట్యాంకు పెద్దదై, నింపే పైపు సన్నగా ఉన్నట్టే. కాబట్టి యాంటెన్నాలు లెక్కపెట్టకుండా, పోర్టుల దగ్గర గిగాబిట్ లేదా 10/100/1000 అని ఉందో లేదో చూసి కొనండి. మిగతావి దాని తర్వాతే.

మీకు వైఫై 6, డ్యూయల్ బ్యాండ్, గిగాబిట్ పోర్టులు ఉన్న మామూలు రూటర్ చాలు. ఏఎక్స్1500 లేదా ఏఎక్స్1800 రకం మీ బడ్జెట్లో దొరుకుతుంది. వైఫై 7 అని అమ్మేవాళ్లకి దణ్ణం పెట్టి వచ్చేయండి. 200 ప్లానుకి అది గోదారి మీద ఓడ వేసుకుని పక్క రేవుకి వెళ్లడం.

పాత రూటర్ పారేయకండి, దానికి పైన పని ఉంది. కొత్త రూటర్ నుంచి మీ గదికి ఒక వైరు లాగి దాన్ని యాక్సెస్ పాయింటుగా, అంటే వైరులో వచ్చిన నెట్‌ని అక్కడ వైఫైగా పంచే డబ్బాగా పెట్టండి. అక్కడ 94 వస్తుంది. వీడియో మీటింగుకి నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు, కాబట్టి ఆ 100 పోర్టుతో మీకు ఏ ఇబ్బందీ లేదు. వైరు లేకుండా రిపీటర్ పెడితే, ఒకే బ్యాండు మీద వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేయాలి కాబట్టి స్పీడు దాదాపు సగం అవుతుంది.

జవాబు: తణుకు

వైరు కొనేటప్పుడు క్యాట్6, పూర్తి రాగిది అడగండి అక్కా. చవగ్గా వస్తోందని సీసీఏ తీసుకుంటే అది అల్యూమినియం తీగకి రాగి పూత. నాలుగుసార్లు వంచితే లోపల విరుగుతుంది. కరెంటు వైర్లు పోయే పైపులోంచి మాత్రం లాగించకండి. ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం ఉంటే అందులోంచి బయటికి తీసి గోడ మీదుగా పైకి తీసుకెళ్లొచ్చు. బయట ఎండకి నల్ల తొడుగుది వేయాలి, మామూలుది రెండు వేసవులకే పగుళ్లిస్తుంది.

మీ తెల్ల డబ్బా సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం, ఎంతుందో చూడగలిగితే చూడండి. మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. 27 దాటితే ఫైబర్ ఎక్కడో మడతపడినట్టు. అప్పుడు ఎన్ని రూటర్లు మార్చినా లాభం లేదు, మమ్మల్ని పిలవాల్సిందే.

ప్రశ్నించినవారు: తాడేపల్లిగూడెం

మైనస్ 21 ఉంది. ఏఎక్స్1500 ఆర్డర్ పెట్టాను, ఎల్లుండి వస్తుందట. సెట్టింగులు కూడా కాస్త చెప్తారా? పోయినసారి నెట్ అబ్బాయే చేశాడు, నేను చూడలేదు.

జవాబు: హైదరాబాద్

ముందు నెట్‌వాళ్లకి ఫోన్ చేసి రెండు అడగండి. ఒకటి, పీపీపీఓఈ, అంటే నెట్ లైనులోకి లాగిన్ అయ్యే, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తెల్ల డబ్బాలో వేశారా, మీ రూటర్‌లో వేశారా? తెల్ల డబ్బాలో ఉంటే కొత్త రూటర్‌లో కనెక్షన్ రకం డైనమిక్ ఐపీ అని పెడితే సరిపోతుంది. రూటర్‌లో ఉంటే ఆ రెండూ రాయించుకోండి. పాత రూటర్ మీద చెయ్యి వెయ్యకముందే రాయించుకోవాలి. రెండోది, మ్యాక్ బైండింగ్ ఉందా? కొందరు ఆపరేటర్లు పాత రూటర్ నంబరుకే లైను కట్టేస్తారు. కొత్తది పెడితే అన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాదు, మనం రూటర్‌ని తిట్టుకుంటాం. వాళ్లు అక్కడ ఒక్క నిమిషంలో విప్పేస్తారు.

తర్వాత తెల్ల డబ్బా ల్యాన్ 1 నుంచి వచ్చే వైరు కొత్త రూటర్ వ్యాన్ పోర్టుకి, అంటే బయటి నుంచి నెట్ వచ్చే పోర్టుకి. ఆ పోర్టు రంగు వేరుగా ఉంటుంది. రూటర్ కింద చీటీ మీద ఉన్న చిరునామా, ఉదాహరణకి 192.168.0.1, ఫోనులో కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది, చాలావాటికి ఆప్ కూడా ఉంటుంది. తెల్ల డబ్బా చిరునామా కూడా అదే అయితే రెండూ కొట్టుకుంటాయి, రూటర్‌ది 192.168.5.1 లాంటిదానికి మార్చండి.

అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ వేరువేరుగా పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన రకం. ఒట్టి 3 పెడితే పాత ప్రింటర్లు అలుగుతాయి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం) ఆపేయండి. 2.4 బ్యాండుకి ఛానెల్ వెడల్పు 20, ఛానెల్ 1, 6, 11లో పక్కింటివాళ్లు తక్కువ వాడేది. 5 గిగాహెర్ట్జ్‌ని ఆటోకి వదిలేయొచ్చు.

ముఖ్యమైన కిటుకు: కొత్త రూటర్‌కి కూడా పాత వైఫై పేరూ, పాత పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. ఫోన్లు, టీవీ వాటంతటవే ఎక్కేస్తాయి.

పైకి వెళ్లే పాత రూటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది నొక్కితే చాలు. లేకపోతే ముందు దాని చిరునామా కొత్త రూటర్ వరుసలోకి, అంటే కొత్తది 192.168.0.1 అయితే 192.168.0.2కి, 192.168.5.1 అయితే 192.168.5.2కి మార్చి, తర్వాత డీహెచ్‌సీపీ (ఫోన్లకి చిరునామాలు పంచే పని) ఆపి, వైరు వ్యాన్‌కి కాకుండా ల్యాన్ పోర్టుకి పెట్టండి. ఈ వరుస తప్పకండి. ముందే డీహెచ్‌సీపీ ఆపితే ఆ పేజీలోకి మళ్లీ వెళ్లడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఇక కొత్త రూటర్‌ని కూడా ఆ బీరువా మీద పెట్టకండి. అంత ఇనుము పక్కన పెట్టుకుని సిగ్నల్ రావట్లేదనుకోవడం ఏం న్యాయం?

ప్రశ్న: కరీంనగర్

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాకు కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రూటర్ ఆగి, మళ్లీ లేచేసరికి మూడు నిమిషాలు. చిన్న యూపీఎస్ పెడితే ఆగదా?

జవాబు: తణుకు

ఆగదన్నా. కానీ తెల్ల డబ్బాకీ రూటర్‌కీ రెండింటికీ పెట్టాలి. ఒక్క రూటర్‌కే పెట్టి నెట్ రావట్లేదని పిలిచినవాళ్లు ఉన్నారు. కొనేముందు రెండు అడాప్టర్ల మీద వోల్టు, ఆంపియర్ చూసుకోండి. 9 వోల్టుల రూటర్‌కి 12 ఇస్తే కాలిపోవచ్చు. వీధిలో ఉండే, ఒక ఫైబర్‌ని ఇళ్లకి పంచే స్ప్లిట్టర్‌కి కరెంటు అక్కర్లేదు, కాబట్టి మా ఆఫీసులో బ్యాటరీ ఉన్నంతసేపూ మీకు లైను ఉంటుంది.

ప్రశ్నించినవారు: తాడేపల్లిగూడెం

నిన్న సాయంత్రం అంతా అయింది. ఎనిమిది తీగలతో మళ్లీ క్రింపింగ్ చేయించాను, అబ్బాయి యాభై రూపాయలు తీసుకున్నాడు. హాల్లో కొత్త రూటర్ టీవీ పక్కన చెక్క అల్మరాలో పెడితే ఫోనులో 190 దాటింది. మ్యాక్ బైండింగ్ ఉందట, ఫోన్ చేస్తే విప్పారు. అడగకపోయుంటే కొత్త రూటర్ వాపసు పంపేదాన్నే.

పైకి వైరు ఏసీ కన్నంలోంచే వచ్చింది. నా గదిలో తలుపు వేసుకుని 93. ఈసారి ఆ అంకె చూస్తే కోపం రాలేదు.

ఒక పొరపాటు మాత్రం చేశాను. వైఫై పేరు అదే పెట్టాను కానీ పాస్‌వర్డులో పెద్దక్షరం ఒకటి చిన్నదిగా కొట్టేశాను. సీరియల్ టైముకి టీవీలో నెట్ లేదు. అమ్మ పక్కనే నిలబడి ఉండగా రిమోట్‌తో పదహారు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని కొట్టాను.