ప్రెషర్ సపోర్ట్ తగ్గించినా టైడల్ వాల్యూమ్ దిగడం లేదు

ప్రశ్న
ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి ఆక్సిజన్ పడిపోయే జబ్బు), నాలుగో రోజు, వెంటిలేటర్ మీద ఉంది. మహిళ, ఎత్తు 155 సెం.మీ. పీప్ (ఊపిరి వదిలాక కూడా మెషీన్ నిలిపి ఉంచే ప్రెషర్) 8, శ్వాస రేటు నిమిషానికి 30. ప్రెషర్లన్నీ సెం.మీ. నీటి కొలతలో. ప్రెషర్ సపోర్ట్ (ఆమె లాగే ప్రతి శ్వాసకూ మెషీన్ ఇచ్చే తోడ్పాటు) 12 నుంచి 8కి దించినా టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో వెళ్లే గాలి) 430 మి.లీ. దగ్గరే ఉంది. పీక్ (మెషీన్ చూపే గరిష్ఠ ప్రెషర్) 16 మాత్రమే కదా, ఊపిరితిత్తులకు ఇబ్బంది లేనట్టేనా? మళ్లీ డీప్ సెడేషన్ (గాఢమైన మత్తు) ఇస్తే డయాఫ్రమ్ చచ్చుబడుతుందేమోనని వెనకాడుతున్నాం.

జవాబు 1
ఇబ్బంది ఉంది. ఎత్తును బట్టి లెక్కించే బరువు 48 కిలోలు, అంటే కిలోకి 9 మి.లీ. వెళ్తోంది, 6 దగ్గర ఉండాలి. తెర మీది 16లో ఆమె లాగే బలం లెక్కకు రాదు. మీరు తగ్గించిన సపోర్ట్‌ను ఆమె తన కండరాలతో పూడ్చుకుంటోంది.

కొలిచి చూడండి. ఊపిరి వదలడం పూర్తయ్యాక ఎక్స్‌పిరేటరీ హోల్డ్ (గాలి దారిని కాసేపు మూసే బటన్) నొక్కి, ఒక్కసారి లాగగానే వదిలేయండి. ప్రెషర్ 8 నుంచి మైనస్ 12కి పడిందనుకుందాం, అంటే 20 పడింది. దాన్ని 0.75తో గుణిస్తే కండరాల ప్రెషర్ 15. ఉండాల్సింది 5–10. అదే 20లో మూడింట రెండు వంతులు 13, దానికి పీక్‌కూ పీప్‌కూ తేడా 8 కలిపితే 21. ఊపిరితిత్తి మీద ప్రతి శ్వాసకూ పడుతున్న సాగుడు ఇదీ. 20 దాటనివ్వకూడదు. హోల్డ్‌ను వెంటవెంటనే నొక్కకండి, రెండో ప్రయత్నంలో ఇంకా గట్టిగా లాగుతారు, రీడింగ్ పాడవుతుంది.

జవాబు 2
మత్తు మందు పెంచే ముందు ఆమె ఇంత గట్టిగా లాగడానికి కారణం వెతకండి: జ్వరం, నొప్పి, మెటబాలిక్ అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం), నిండిన మూత్రాశయం. ట్యూబ్‌కు హెచ్‌ఎంఈ (వదిలిన ఊపిరిలోని వేడిని, తేమను పట్టి ఉంచే) ఫిల్టర్ ఉంటే తీసి హీటెడ్ హ్యుమిడిఫయర్ పెట్టండి. ఇంత చిన్న వాల్యూమ్‌లో ఆ ఫిల్టర్ డెడ్ స్పేస్ (ఆక్సిజన్ మార్పిడికి పనికిరాని గాలి నిలిచే చోటు) తక్కువేం కాదు. నొప్పి మందు ఫెంటానిల్ ముఖ్యంగా శ్వాస రేటు తగ్గిస్తుంది. లాగుడు తగ్గాలంటే మత్తు మందు ప్రొపోఫోల్ కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మార్పు తర్వాత మళ్లీ హోల్డ్ చూడాలి.

జవాబు 3
పై జవాబుకు ఒక చేర్పు. ప్రొపోఫోల్ అతిగా పోతే పీ 0.1 (శ్వాస మొదలైన తొలి 0.1 సెకనులో ప్రెషర్ ఎంత పడిందో చెప్పే కొలత) ఒకటి కిందకి పడిపోతుంది, డయాఫ్రమ్ పని మానేస్తుంది. 18 నుంచి 69 గంటలు కదలకుండా ఉన్న డయాఫ్రమ్‌లోనే కండర తంతువులు సన్నబడినట్టు 2008లో చూపించారు. కంట్రోల్ మోడ్‌లోకి (ప్రతి శ్వాసనూ మెషీనే, కిలోకి 6 మి.లీ. లెక్కన 290 మి.లీ. ఇచ్చే పద్ధతి) మారిస్తే రివర్స్ ట్రిగరింగ్ కూడా రావచ్చు: మెషీన్ ఊపిరి తోశాక డయాఫ్రమ్ ఆలస్యంగా లేచి, ఫ్లో గీతలో నొక్కు కనిపిస్తుంది. ఆ లాగుడుకు మెషీన్ మళ్లీ ట్రిగర్ అయితే 290 మీద ఇంకో 290, అంటే కిలోకి 12 మి.లీ. కాబట్టి 'సెట్ చేసింది 6' అని నిశ్చింతగా ఉండకండి. ఇవేవీ అదుపులోకి రాకపోతే కొద్ది కాలం పారలైజ్ చేయడమే (మందుతో కండరాలను కదలకుండా చేయడం) మేలు, కానీ ఆపే వేళ ముందే రాసిపెట్టుకోండి.