నీటి నిబంధనలు మారితే పాడికి ఏమవుతుంది? మీ అనుభవాలు చెప్పండి

గడ్డిమడి:
భూగర్భజలాల వాడకానికి కోటా వచ్చాక మాకు ముందు తగ్గినవి తొట్టి నీళ్లు కావు, మేత నీళ్లు. బాగా పాలిచ్చే ఆవు రోజుకు వంద లీటర్ల దాకా తాగుతుంది. అది తినే మేత పండడానికి పోయే నీటి ముందు ఆ వంద ఏపాటి? లూసర్న్ అనే పచ్చిమేత తగ్గించి జొన్న సైలేజీకి, అంటే గాలి చొరకుండా పులియబెట్టి నిల్వచేసే మేతకు మారాం. నీళ్లు మిగిలాయి కానీ మాంసకృత్తుల లోటు పూడ్చడానికి తెలగపిండి కొనక తప్పలేదు. ఇంకెవరైనా ఇలా మారారా?

ఎండుటేరు:
మేం మేతే కొంటున్నాం. అంటే ఇంకొకరి బోరు ఎండగడుతున్నాం, అంతే. సౌదీ అరేబియా పచ్చిమేత సాగుకు కళ్లెం వేసింది. అక్కడి అల్మరాయ్ డెయిరీ అమెరికాలోని ఆరిజోనాలో లూసర్న్ పండించి ఓడలకెక్కించింది. 2023లో ఆరిజోనా ప్రభుత్వం దాని అనుబంధ సంస్థకు ఇచ్చిన ఒక లీజు రద్దు చేసింది, మరికొన్నింటిని పొడిగించబోమంది.

రెండోపూట:
కోటా కన్నా నీటి బేరం ప్రమాదం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2007లో నీటి హక్కును భూమి నుంచి విడదీశారు, అంటే పొలం అమ్మకుండా నీటి హక్కు ఒక్కటే అమ్ముకోవచ్చు. కరువులో హక్కు అమ్మి అప్పు తీర్చుకున్న పాడి రైతులు తర్వాత ఏటా నీళ్లు కొనుక్కోవలసి వచ్చింది, అదీ బాదం తోటలవాళ్లతో పోటీపడి. తోటను ఎండనివ్వలేరు కాబట్టి వాళ్లు ఎంతకైనా పాడతారు. మందలు తగ్గితే పాల కర్మాగారాలకు పనేముంటుంది?

ఆవిరిగొట్టం:
కర్మాగారం వైపు నుంచి ఒక మాట. పాలలో 87 శాతం దాకా నీరే. పాలపొడి చేసేటప్పుడు ఆవిరయ్యే ఆ నీటిని చల్లార్చి పట్టుకుంటే బాయిలర్‌కు, తొలి కడుగుళ్లకు పనికొస్తుంది. మా దగ్గర వ్యర్థజలాల నిబంధన బిగిసేదాకా దాని ఊసు ఎవరూ ఎత్తలేదు! పైపులు కడగడం మొదలుపెట్టగానే పాలు కలిసిన తెల్లనీళ్లు వస్తాయి. వాటిలోని కొవ్వు, లాక్టోజ్ అనే పాలచక్కెర వాగులో కలిస్తే నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. ఇప్పుడు నీళ్లు తేటపడేదాకా వాల్వు తిప్పి వేరే ట్యాంకుకు మళ్లిస్తున్నాం.

గడ్డిమడి:
ఆ తెల్లనీళ్లు ఏం చేస్తారు?

ఆవిరిగొట్టం:
పందుల పెంపకందారులు పట్టుకెళతారు. పైపులు శుభ్రం చేసే కాస్టిక్ సోడా పోయకముందువి మాత్రమే ఇస్తాం. వేసవిలో ఏ రోజువి ఆ రోజే పంపేయాలి, లేకపోతే పులిసిపోతాయి.