ట్యూషన్‌లో పిల్లల ఎదురుమాటలు, పెద్దల ఒత్తిడి: ఏం చేయాలి?

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లాడికి లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. పాఠం మధ్యలో ఫోన్ చూస్తాడు, వద్దంటే ఎదురు మాట్లాడతాడు. వాళ్లమ్మగారేమో మార్కులు పెరగలేదని రాత్రిళ్లు మెసేజ్‌లు పెడతారు, ఫీజు మాత్రం ప్రతి నెలా ఆలస్యమే. మానేయకుండా దారి ఉందా అండీ?

జవాబు 1: ఎదురు మాట్లాడేవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది పాఠం అందకపోవడమే. ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు ఓ పది ఇచ్చి చూడండి. భిన్నాలు, రుణసంఖ్యల దగ్గరే ఆగిపోతే బీజగణితం ఎంత చెప్పినా విసుగే, అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. గంటలో మీరు చెప్పేది పావుగంట దాటనివ్వకండి, మిగతాదంతా చేయించండి. ఫోన్ క్లాసుకు ముందే వేరే గదిలో పెట్టించాలి. మధ్యలో లాక్కుంటే అదో పోట్లాట. నోరు జారితే గొంతు పెంచొద్దు. "ఇలా మాట్లాడితే ఇవాళ్టికి క్లాసు ఆపేస్తాను" అని ఒక్కసారే చెప్పి, మళ్లీ అంటే నిజంగానే ఆపేయండి. ఉత్త బెదిరింపు రెండోసారికే తేలిపోతుంది.

జవాబు 2: క్లాసు మధ్యలో ఆపేసిన రోజే వాళ్లమ్మగారికి మీరే చెప్పాలండీ, ముందు పిల్లాడు చెబితే కథ మారిపోతుంది. "పొగరు" లాంటి మాటలు వద్దు, జరిగింది మాత్రమే రాయండి. మార్కులకు హామీ ఇవ్వకండి. వారానికోసారి ఏం చెప్పారో, హోంవర్క్ ఎంత చేశాడో రెండు లైన్లు పంపితే రాత్రి మెసేజ్‌లు చాలావరకు తగ్గుతాయి. వచ్చినవాటికి పగలే జవాబు. ఫీజు నెల మొదట్లోనే, పాత బాకీ తీరాకే కొత్త నెల.

జవాబు 3: నెలరోజులు చూసినా మారకపోతే రెండు వారాల ముందు చెప్పి మానేయండి. పరీక్షల ముందు మాత్రం వద్దు.